ప్రత్యేక సంచిక తేవాలంటే: కవుల ఎంపిక నుంచి పరిచయ వాక్యాల దాకా

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఎంత ఘాటైన సంపాదకీయం రాసినా రాని బలం ఆ పేర్ల పట్టికకు వచ్చింది. ప్రత్యేక సంచిక అనగానే ముఖచిత్రం, ఆవిష్కరణ సభ మీదికి మనసు పోతుంది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాడు ముందు చూసేది ఎవరెవరు రాశారు, ఏ ఊరివాళ్లు, ఏ పాఠం అచ్చయింది అన్నదే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు రచయితలకు, వాళ్ల పాఠానికి, వాళ్ల పేర్లకు ఇస్తున్నాం. లెక్కలన్నీ డెమీ 1/8 సైజులో (మామూలు పుస్తకం సైజు) 96 పేజీల సంచికకు.

విషయాన్ని ప్రశ్నగా మార్చండి

‘వాన’, ‘అమ్మ’, ‘వలస’ అని ప్రకటిస్తే కవితలు వారంలో కుప్ప పడతాయి. అయితే అవన్నీ బీరువాలో ఉన్న పాతవి. ‘అమ్మ’ అని ప్రకటించినవాళ్లకు ఆ దేవుడే దిక్కు. ఒక విషయం చెప్పగానే దాని మీద ఇదివరకు వచ్చిన కవితలు పది మీకు గుర్తొచ్చాయంటే దాని వెడల్పు తగ్గించాలి. మీ మటుకు మీరు కూర్చుని, దాని మీద రాయగలవాళ్లు పదిహేను మంది కూడా తేలకపోతే మరీ ఇరుకైపోయిందన్నమాట.

‘వలస’నే తీసుకోండి. దాన్ని ‘వలసపోయినవాళ్ల ఇంట్లో మిగిలినవాళ్లు’ అని మార్చి చూడండి. వెంటనే చోట్లు కనబడతాయి. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల ఇళ్లు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు వదిలిపోయిన పిల్లలు. వేరావల్‌కు చేపలవేటకు పోయిన శ్రీకాకుళం మత్స్యకారుల ఊళ్లు. ముంబయి, పుణె పనులకు పోయిన పాలమూరు కూలీల ముసలి తల్లిదండ్రులు. కొడుకూ కోడలూ అమెరికాలో ఉంటే విజయవాడ అపార్ట్‌మెంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు. చోట్లు తేలితే ఎవరిని అడగాలో కూడా తేలుతుంది. ఎవరూ దొరకని చోటును సంచికలో ఖాళీగా వదిలేయకుండా ఒక పాటో ఇంటర్వ్యూనో అక్కడినుంచి తెప్పించాలి. రాసే అలవాటు లేనివాళ్ల మాట సంచికలోకి రావడానికి ఇంటర్వ్యూ చాలా ఉపయోగపడుతుంది.

పేజీలు ముందే పంచండి

96 పేజీలంటే 16 పేజీల ఫారాలు (ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టలు) ఆరు. ఫారం మధ్యలో ఆగితే మిగతా పేజీలకు కాగితం ఖర్చు ఎలాగూ పడుతుంది కాబట్టి లెక్క ఫారాల్లోనే వేయాలి. 12 పాయింట్ల అక్షరంతో డెమీ 1/8 పేజీలో వచనం సుమారు 220 మాటలు పడుతుంది. 2000 మాటల కథకు తొమ్మిది పేజీలు. అలాంటి కథలు నాలుగు వేస్తే 36. కవితలు 24 అనుకుని, వాటిలో ఎనిమిది రెండో పేజీలోకి పోతాయనుకుంటే 32. వ్యాసాలు రెండింటికి 12, ఇంటర్వ్యూకు 6, సంపాదకీయానికి 2, రచయితల పరిచయాలకు 4, టైటిల్, ముద్రణ వివరాలు, విషయసూచికకు 4. సరిగ్గా 96.

ఈ పంపకం చేయకుండా రచనలు ఆహ్వానిస్తే చివర్లో కోత పడేది పరిచయాలకే. ‘కవుల వివరాలు వచ్చే సంచికలో’ అని ఒక వాక్యం వేస్తారు. ప్రత్యేక సంచికకు వచ్చే సంచిక ఉండదు.

పిలుపు, గడువు

సగం రచనలు మీరు అడిగి తెప్పించుకున్నవి, సగం బహిరంగ ప్రకటనకు వచ్చినవి ఉండేలా చూసుకోండి. అన్నీ అడిగినవే అయితే సంచిక స్నేహితుల విందులా తయారవుతుంది. అన్నీ ప్రకటనకు వచ్చినవే అయితే మీరు అనుకున్న ప్రశ్నకు జవాబు రాదు.

పేరున్న కవికి ‘మీది ఏదైనా ఒకటి పంపండి’ అని రాయకండి. ఏదో ఒకటే వస్తుంది. వెనక్కి పంపలేరు, వేయలేరు. ‘గల్ఫ్ నుంచి శవపేటిక కోసం ఎదురుచూసే ఇంటి గురించి మీరు రాస్తే బాగుంటుంది, 40 పాదాలు దాటకుండా, ఫలానా తేదీలోపు’ అని అడిగితే కుదరదన్న జవాబైనా త్వరగా వస్తుంది.

ప్రకటనలో ఆరు సంగతులు ఉండి తీరాలి: కవిత పాదాల పరిమితి (40), కథ మాటల పరిమితి (2000), గడువు తేదీ, ఎంపిక కబురు చెప్పే తేదీ, పారితోషికం ఎంత లేదా ఇవ్వలేమన్న మాట, ఫేస్‌బుక్‌లో పెట్టిన రచనను అచ్చయినదిగా లెక్కిస్తారా లేదా. ఆఖరిది చెప్పకపోతే సగం తగాదాలు అక్కడే మొదలవుతాయి. యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో కనబడే తెలుగు) టైపు చేసిన ఫైలు అడగండి. టైపు రానివాళ్లు చేత్తో రాసి పంపొచ్చని కూడా చెప్పండి, లేకపోతే పెద్దవయసు పద్యకవులూ, ఊళ్లలో పాట కట్టేవాళ్లూ ముందే తప్పుకుంటారు.

గడువుకు ఆరు వారాలు, చదవడానికి మూడు, ఉత్తరాలకూ సవరణలకూ మూడు, పేజీలు కట్టడానికి రెండు, ప్రూఫులకు రెండు, ముద్రణకూ బైండింగుకూ రెండు. మొత్తం 18 వారాలు. ఉగాదికి సంచిక కావాలంటే నవంబరులోనే ప్రకటన వెళ్లాలి. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఉగాదికి తెచ్చిన సంచికలు చదువుతుంటే ఆ తొందర అచ్చుతప్పుల్లో కనబడుతుంది.

చదవడం

రాగానే ప్రతి రచనకూ నంబరు వేసి, పేరు తీసేసి, ముగ్గురికి ఇవ్వండి. మార్కులు వేయించకండి. మార్కుల సగటు తీస్తే ఎవరికీ కోపం రాని కవితలు పైకొస్తాయి. ‘వేయాలి, ఆలోచిద్దాం, వద్దు’ అన్న మూడు గుర్తులు చాలు. ఒకరు ‘వేయాలి’, ఇంకొకరు ‘వద్దు’ అన్న రచనలను విడిగా పెట్టి ముగ్గురూ కలిసి గట్టిగా చదవండి. మంచివి అక్కడే దొరుకుతుంటాయి.

పేర్లు తెరిచాక ఒక పట్టిక వేసుకోండి: జిల్లా, వయసు, స్త్రీలెందరు, మొదటిసారి అచ్చవుతున్నవాళ్లెందరు. దళిత, ఆదివాసీ, ముస్లిం జీవితాల నుంచి ఎవరైనా ఉన్నారా, లేక వాళ్ల గురించి వేరేవాళ్లు రాసినవే ఉన్నాయా? ఖాళీలు కనబడితే ఎంచుకున్నవాటిని తీసేయకండి. మీరు అడిగి తెప్పించుకునే వాటా మిగిలే ఉంటుంది, దాన్ని అటు మళ్లించండి. అందుకే ఆ సగాన్ని మొదట్లోనే అయిపోగొట్టకూడదు.

తిరస్కార ఉత్తరం రెండు వాక్యాలు చాలు. కారణం రాయాల్సిన పనిలేదు గానీ చెప్పిన తేదీకి వెళ్లాలి.

అనుమతులు

భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ల పాటు హక్కులు వారసులవి. గురజాడ 1915లో, దువ్వూరి రామిరెడ్డి 1947లో, సురవరం 1953లో పోయారు, వారి రచనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. జాషువా పోయింది 1971లో, అంటే 2031 చివరిదాకా హక్కులుంటాయి. చలం 1979, కృష్ణశాస్త్రి 1980, శ్రీశ్రీ 1983. వీళ్ల కవిత పూర్తిగా వేయాలంటే అనుమతి తప్పదు. తిలక్ 1966లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు 2026 డిసెంబరు 31 వరకు హక్కులుంటాయి, వాటిని 2027 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా వేసుకోవచ్చు. వ్యాసంలో విమర్శ కోసం నాలుగు పాదాలు ఉదహరించడం వేరు, కవిత మొత్తం సంచికలో వేయడం వేరు. ‘పాత కవేగా’ అనుకుని వేసేసే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

అనువాదానికి రెండు అనుమతులు కావాలి: మూలరచయితది (లేదా వారసులది), అనువాదకులది. మూలం పాతదై హక్కులు పోయినా అనువాదకుల హక్కు బతికే ఉంటుంది. మలయాళ కథను ఇంగ్లిషు నుంచి తెలుగు చేస్తే ఆ సంగతి చెప్పాలి, ఇంగ్లిషు అనువాదకుల అనుమతీ తీసుకోవాలి. ఫొటోలకు, బొమ్మలకు కూడా హక్కులుంటాయి. కవి పంపిన ఫొటో అయినా తీసింది ఎవరో అడగండి.

ఇప్పటి రచయితల దగ్గర మాట సరిపోదు, రాతలో ఉండాలి. అనుమతి ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. తెలుగు పాఠకులు డల్లాస్‌లోనూ దుబాయ్‌లోనూ ఉన్నారు కాబట్టి వెబ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే ఈ రెండూ రాయించుకోవడం మంచిది. ఉత్తరం ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు:

‘ఫలానా శీర్షికతో నేను రాసిన ఈ కవిత నా సొంతం. దీన్ని మీ ప్రత్యేక సంచిక అచ్చుప్రతిలోను, వెబ్ ప్రతిలోను, ప్రపంచంలో ఎక్కడైనా చదివేలా, కాలపరిమితి లేకుండా ప్రచురించడానికి అనుమతిస్తున్నాను. హక్కులు నావే. ఆడియోకు గానీ సంకలనానికి గానీ వాడాలంటే మళ్లీ అడగాలి.’

కింద సంతకం, తేదీ.

పాఠం చెడకుండా

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ప్రత్యేక సంచికలో ఒకే పుస్తకంలో నాలుగు ప్రాంతాల తెలుగు పక్కపక్కన ఉంటుంది. ప్రూఫ్ చూసేవారికి చేయి అలవాటైన తెలుగు ఒక్కటే. ‘పోతున్నడు’ అన్న తెలంగాణ మాటను ‘పోతున్నాడు’ చేస్తారు. ‘పోతాండాడు’ అన్న సీమ మాటకు అదే గతి. శ్రీకాకుళం కథలో ‘ఎలిపోనాడు’ కాస్తా ‘వెళ్లిపోయాడు’ అవుతుంది. పైగా ఒకచోట దిద్ది మరోచోట వదిలేస్తే ఆ పాత్ర రెండు నోళ్లతో మాట్లాడినట్టుంటుంది. ఇది తెలిసి చేసే తప్పు కాదు కాబట్టి ఎంత చెప్పినా ఆగదు. అందుకే రచయిత వారీగా ఒక్కో మాటల చీటీ తయారుచేయండి: ఆ రచనలో కనబడే మాండలిక రూపాలు పది పదిహేను, ‘ఒక’ రాశారా ‘వొక’ రాశారా, ‘యేమి’నా ‘ఏమి’నా. ప్రూఫ్ కాగితానికి ఆ చీటీ పిన్ను చేసి ఇవ్వండి. చీటీలో లేని అనుమానం వస్తే దిద్దకుండా అంచులో ప్రశ్నార్థకం పెట్టాలి, అంతే.

పద్యాలు వేసేటప్పుడు గొడవ మరో రకం. ర, ఱ తేడా, అరసున్న వదిలేస్తే ప్రాస దగ్గర చదువరికి తప్పుగా కనబడుతుంది. సీసం పాదం పొడుగు కాబట్టి రెండు ముక్కలుగా వేస్తారు, రెండో ముక్క కొంచెం లోపలికి జరపాలి. కింద ఎత్తుగీతి (సీసం చివర వచ్చే చిన్న పద్యం), తేటగీతో ఆటవెలదో, వేరుగా కనబడాలి. కంపోజ్ చేసేవారికి ఈ సంగతి తెలియకపోతే సీసం మొత్తం వచనకవితలా ఎనిమిది పాదాలై కూర్చుంటుంది. ఛందస్సు తెలిసిన ఒకరి చేత పద్యాలు మాత్రం విడిగా చదివించండి.

వచనకవితలో పాదం పేజీ వెడల్పు దాటితే కిందికి దిగిన ముక్కను రెండు అక్షరాల మేర లోపలికి జరపండి, లేకపోతే అది కొత్త పాదమనుకుంటారు. చరణం విరుపు సరిగ్గా పేజీ అడుగున పడితే విరుపు ఉందన్న సంగతే తెలియదు. ఒక పాదాన్ని తర్వాతి పేజీకి తోసేయడం తేలిక మందు.

ఇక ఫాంటు మార్పిడి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్), అనూ ఫాంట్లే. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, కాబట్టి మీ ఫైలును మార్చి పోస్తారు. ఆ మార్పిడిలో ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు దగ్గరి విడుపు పోయి వ కిందికి దిగుతుంది. కొటేషన్ గుర్తులు తలకిందులవుతాయి, ఱ, అరసున్న ఎగిరిపోతాయి, పాదాల విరుపులు కలిసిపోతాయి. మార్చాక ఈ ఐదింటిని వెతికి చూడాల్సిందే. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో పేజీలు కడితే ఈ బాధ లేదు గానీ పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్‌రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. లోపలి పాఠానికి మండలి లాంటి ఫాంటు హాయిగా ఉంటుంది. ప్రతాపరెడ్డి పేరిట ‘సురవరం’ అనే ఫాంటు కూడా ఉంది, అయితే అది శీర్షికలకు పనికొచ్చేది, పాఠానికి వాడితే కళ్లు లాగుతాయి.

పోయినవారి కవిత వేస్తుంటే వాట్సాప్‌లో తిరిగే పాఠాన్ని దగ్గరికి రానీయకండి. శ్రీశ్రీ రాయని కవితలు శ్రీశ్రీ పేరుతో బోలెడు తిరుగుతున్నాయి. అచ్చుపుస్తకం పట్టుకుని, కుదిరితే మొదటి ముద్రణతో పోల్చి, ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో కవిత కింద రాయండి. పాత పత్రికలకు హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో సారస్వత నికేతనం ఉన్నాయి. కథల కోసం శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం.

పేరు, పరిచయం

కవి తన పేరు ఎలా రాసుకుంటారో అలాగే వేయాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలా పూర్తి పేరా, ‘శివారెడ్డి’యా ‘శివా రెడ్డి’యా, కలంపేరు ఒక్కటేనా. ఇది అడిగి రాయించుకోండి, ఊహించకండి. విషయసూచికలో ఒకలా, కవిత పైన ఒకలా, పరిచయంలో ఇంకోలా పేరు పడటం చాలా మామూలుగా జరిగే తప్పు. అచ్చుకు ముందు పేర్లు మాత్రమే మూడుచోట్ల పక్కపక్కన పెట్టి ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టుకోవాలి. ‘డా.’, ‘ప్రొ.’ అందరికీ తీసేయండి. కొందరికి ఉంచి కొందరికి తీస్తే పంచాయితీ. అనువాదకుల పేరు చివర చిన్నక్షరాల్లో కాకుండా శీర్షిక కిందే వేయాలి.

పరిచయానికి 40 మాటల కొలత పెట్టి ప్రశ్నలు మీరే పంపండి: పుట్టిన ఊరు, ఇప్పుడున్న ఊరు, చేసే పని (చెప్పాలనుకుంటే), రెండు పుస్తకాలు, వాటి సంవత్సరాలు. ‘మీ బయోడేటా పంపండి’ అంటే సన్మానపత్రాల పట్టిక వస్తుంది. ‘ప్రముఖ’, ‘సుప్రసిద్ధ’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ ఎవరికీ వద్దు. ‘ప్రముఖ’ లేని వాళ్లు అప్రముఖులని ఒప్పుకున్నట్టే కదా. మొదటిసారి అచ్చవుతున్నవారికి ‘ఇది మొదటి కవిత’ అన్న ఒక్క ముక్క చాలు, చదివేవాళ్లు దాన్ని వెనక్కి తిప్పి మరీ చదువుతారు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా వేయకండి. పాత సంచికల్లో ఆ అలవాటు ఉండేది, ఇప్పుడు ముఖ్యంగా స్త్రీలకు అది వేధింపులకు దారి. ఎవరైనా రాయాలనుకుంటే పత్రిక ద్వారా పంపొచ్చు.

పోయిన కవికి పరిచయం ఈ తరహాలో ఉండొచ్చు: ‘దేవరకొండ బాలగంగాధర తిలక్ (1921–1966): పశ్చిమ గోదావరి జిల్లా మండపాకలో పుట్టారు. కవిత్వంతో పాటు కథలు, నాటకాలు రాశారు. కవితా సంపుటి అమృతం కురిసిన రాత్రి ఆయన పోయాక 1968లో వచ్చింది. దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.’ ఎక్కడా విశేషణం లేదు, లోటూ లేదు. పుట్టిన, పోయిన సంవత్సరాలు కనీసం రెండు అచ్చు ఆధారాల్లో సరిచూడండి. పురస్కారం సంవత్సరం అకాడమీ జాబితాలోనే చూడాలి. పుస్తకం వచ్చిన ఏడాది, పురస్కారం ప్రకటించిన ఏడాది, అందుకున్న ఏడాది వ్యాసాల్లో ఒకదాని చోట ఒకటి వచ్చేస్తుంటాయి.

పరిచయాలను అకారాది క్రమంలో పెడతారా? అయితే ఇంటిపేరు ప్రకారమా, పిలుపు పేరు ప్రకారమా ముందే తేల్చుకోండి. కంప్యూటర్‌కు వదిలేస్తే ‘అం’తో మొదలయ్యే పేరు ‘అక’ కన్నా ముందు కూర్చుంటుంది, పేరు ముందు పొరపాటున ఒక ఖాళీ ఉంటే ఆ కవి అందరికన్నా పైకెక్కుతాడు. సిద్ధమైన పరిచయాన్ని అచ్చుకు ముందు ఆ రచయితకే పంపి ‘సరే’ అనిపించుకోండి.

కూర్పు, అచ్చు

రచనల వరుసకు పేరుప్రఖ్యాతులు కొలమానం కాకూడదు. ‘ఫోను దగ్గర ఎదురుచూసే తల్లి’ మీద మూడు కవితలొస్తే వాటిని దూరదూరంగా వేయండి, పక్కపక్కన పడితే మూడూ చప్పబడతాయి. పొడుగు కథ ముందు ఒక పేజీ కవితలు రెండు మూడు ఉంటే బాగుంటుంది.

లోపల 70 లేక 80 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 250 లేక 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. 300 ప్రతుల లోపు డిజిటల్, 500 దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. ప్రతుల లెక్కలో రచయితలకు తలా రెండు చొప్పున ముందే తీసేయండి.

క్రమం తప్పకుండా వచ్చే పత్రిక అయితే 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న పత్రికల నమోదు చట్టం కింద ప్రెస్ సేవా పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఒక్కసారి తెచ్చే సంచికను పుస్తకంగా వేసి ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోవచ్చు, రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. పుస్తకమైతే వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలని 1954 చట్టం. చాలామంది పంపరు. తర్వాత పరిశోధకుడికి ఆ సంచిక ఎక్కడా దొరకదు.

ఆవిష్కరణ సభకు ముందే రచయితల ప్రతులు పోస్టులో పడాలి. అచ్చయ్యాక ఎవరి పేరైనా తప్పు పడినట్టు తెలిస్తే మర్నాడే చిన్న తప్పొప్పుల చీటీ వేయించి, మిగిలిన ప్రతుల్లో విషయసూచిక పేజీకి అంటించండి. వెబ్ ప్రతిలో పాఠంలోనే దిద్ది, దిద్దిన తేదీ కింద వేయండి.